ఆ కథలో ఏం తిన్నారో చెప్పు

చిన్నప్పటి పుస్తకాల గురించి నలుగురు స్నేహితులు కబుర్లు మొదలుపెడితే, కాసేపటికి ఆ కబుర్లు తిండి దగ్గరికి చేరతాయి. రచయిత పేరు గుర్తుండదు. కథ ఎలా ముగిసిందో సగం సగం గుర్తుంటుంది. ఆ కథలో పిల్లలు చెట్టు కింద కూర్చుని ఏం తిన్నారో మాత్రం ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకుంటారు. అక్కడి నుంచి ఇవాళ ఎవరింట్లో ఏం వండారు, చిన్నప్పుడు ఏ కూర పెడితే కంచం ముందు నుంచి లేచి పారిపోయేవాళ్ళం, ఇప్పుడు అదే ఎందుకు అడిగి మరీ వేయించుకుంటున్నాం... ఇలా సాగిపోతుంది. మా స్నేహితుల ఫోన్ కబుర్లలోనూ ఇదే వరస. చివరికి ఎవరో ఒకరు "పుస్తకాలతో మొదలుపెట్టి మళ్ళీ తిండిలో పడ్డాం" అని నొచ్చుకున్నట్టు అంటారు.

నొచ్చుకోవలసిన పని లేదని నా వాదన. పుస్తకాన్ని వదిలేశామని మనం అనుకునే ఆ సమయంలోనే పుస్తకం గురించి అసలైన మాటలు మాట్లాడుతున్నాం. చిన్నప్పుడు ఆ కథ మనలో ఎక్కడ దిగిందో, దానిలో మనకు ఏది అందిందో తెలిసేది అక్కడే. పెద్దయ్యాక మనం చెప్పే మంచి మంచి అభిప్రాయాల్లో చాలా భాగం ఎక్కడో చదివినవో, ఎవరో చెబితే విన్నవో అయి ఉంటాయి. తిండి జ్ఞాపకం మాత్రం ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు.

హైడీ కథనే తీసుకుందాం. స్విట్జర్లాండ్ రచయిత్రి యొహానా స్పీరి నవల ఇది. 1880, 1881లలో రెండు భాగాలుగా వచ్చింది. కొండ మీద తాత దగ్గరికి చేరిన అనాథ పిల్ల కథ. మా కబుర్లలో ఈ పుస్తకం పేరు రాగానే ఒకతను "తాత చీజ్‌ను నిప్పు మీద పట్టుకుని కాలుస్తాడు చూడు, అది కరిగి బంగారం రంగులోకి వస్తుంది" అన్నాడు. చీజ్ అంటే ఏమిటో సరిగా తెలియని వయసులో చదివాడట. అయినా అది నోట్లో కరిగిన సంగతి తనకు తెలుసంటాడు. వెంటనే ఇంకో స్నేహితురాలు, "చీజ్ సంగతి పక్కన పెట్టు, ఆ రొట్టెల గురించి చెప్పు" అంది.

ఆ రొట్టెల సంగతి ఇది. కొండ మీద ఉన్నప్పుడు హైడీకి చూపులేని ఒక అవ్వ దగ్గరవుతుంది. ఆ అవ్వ గట్టి నల్లరొట్టె నమలలేదు. తర్వాత హైడీని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఒక ధనికుల ఇంటికి తీసుకెళ్తారు. అక్కడ భోజనం బల్ల మీద రోజూ మెత్తటి తెల్లరొట్టె పెడతారు. ఆ పిల్ల దాన్ని తినకుండా రోజూ తీసి బీరువాలో దాస్తుంది, అవ్వకు తీసుకెళ్దామని. ఒకరోజు ఇంటి పెత్తనం చూసే ఆవిడ బీరువా తెరిచి, ఎండిపోయిన రొట్టెల గుట్ట చూసి, పారేయమంటుంది. హైడీ కుళ్ళి కుళ్ళి ఏడుస్తుంది.

ఇదంతా చెబుతూ చెబుతూ ఆ స్నేహితురాలి గొంతు మారింది. చిన్నప్పుడు ఈ భాగం చదివాక తనూ బట్టల మధ్య బిస్కెట్లు దాచడం మొదలుపెట్టిందట. ఎవరి కోసమో తెలియదు, దాచాలి అంతే. చీమలు పట్టాక ఇంట్లో తెలిసింది. ఇంకొకతను అడ్డుపడి "అయినా అది దొంగతనం కాదూ? ఇంట్లోవాళ్ళకు చెప్పకుండా దాచింది కదా" అన్నాడు. తన వంతు రొట్టె తను తినకుండా దాచుకుంటే దొంగతనం ఎలా అవుతుందని ఈమె. వాదన చాలాసేపు నడిచింది. ఒకరి ఇంట్లో పెట్టిన తిండి మీద అతిథికి ఎంత హక్కుంది? ఇవ్వాలనుకున్నది చేరేలోపు పాడైపోతే ఆ ఇవ్వడానికి విలువ ఉందా? లేమి ఎరిగిన పిల్ల కలిగిన ఇంట్లో ఎలా తింటుంది? ఇవన్నీ ఒక రొట్టె చుట్టూ తిరిగిన ప్రశ్నలే. దయ, పేదరికం అనే మాటలు మాలో ఎవరూ వాడలేదు. వాడవలసిన అవసరం రాలేదు.

దీని పక్కన బడిలో అడిగే ప్రశ్నను పెట్టి చూడండి. "ఈ కథ వల్ల మనకు తెలిసే నీతి ఏమిటి?" ఈ ప్రశ్నకు పిల్లలు చాలా త్వరగా జవాబు నేర్చుకుంటారు. అడిగినవారికి ఏది కావాలో అది చెబుతారు. "ఇతరులకు సాయం చేయాలి" అని రాస్తే మార్కులు పడతాయి. ఆ మాట రాయడానికి కథ చదవనక్కర లేదు కూడా. ఏ కథకైనా అతుకుతుంది. "హైడీ ఏం దాచింది? ఎందుకు దాచింది?" అని అడిగితే మాత్రం చదివిన పిల్లే చెప్పగలదు, అదీ తన మాటల్లో చెబుతుంది. నీతి ప్రశ్న పిల్లను కథలోంచి బయటికి లాగుతుంది. తిండి ప్రశ్న వెనక్కి, ఆ బల్ల దగ్గరికే తీసుకెళ్తుంది. పిల్లలతో పుస్తకాల గురించి మాట్లాడే పెద్దలందరూ మొదటిదాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టి రెండోదాన్ని అడిగి చూడాలని నా కోరిక.

తిండే ఇంతగా ఎందుకు నిలుస్తుంది? దీనికి శరీరంలోనే కొంత కారణం ఉంది. చూసినవి, విన్నవి, తాకినవి మెదడులో థలమస్ అనే మజిలీ దాటి ముందుకు వెళ్తాయి. వాసన ఆ మజిలీలో ఆగనక్కర లేకుండానే ఉద్వేగాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన అమిగ్డాలా, హిప్పోక్యాంపస్‌ల దగ్గరికి చేరుతుంది. అయితే పుస్తకంలో వాసన ఎక్కడుంది, ఉన్నవి అక్షరాలే కదా అనవచ్చు. 2006లో స్పెయిన్ పరిశోధకులు ఈ విషయమే పరీక్షించారు. దాల్చినచెక్క, వెల్లుల్లి లాంటి ఘాటైన వాసన ఉన్న వస్తువుల పేర్లను ఊరికే చదివించి మెదడు స్కాన్ తీస్తే, వాసనను పసిగట్టే ప్రాంతాలు కూడా స్పందించాయి. అంటే తిండి పేరు చదివినప్పుడు ఒంట్లో ఎంతో కొంత కదులుతోంది. పిల్లలు ఏ సంగతినైనా ఒళ్ళంతా పెట్టి చదువుతారు కాబట్టి ఆ కదలిక వాళ్ళలో మరింత గట్టిగా ఉంటుందని నా నమ్మకం. ఇది నా అనుభవం నుంచి చెబుతున్న మాట, ఆ పరిశోధన చెప్పిన మాట కాదు.

ఇంకో కారణం రచయితల వైపు నుంచి ఉంది. నాకు అదే ఎక్కువ ముఖ్యంగా కనిపిస్తుంది. పిల్లల పుస్తకాల్లో మనకు నోరూరించిన విందుల్లో కొన్ని లేమి రోజుల్లో వచ్చినవి.

బ్రిటన్‌లో రెండో ప్రపంచయుద్ధం వల్ల 1940 జనవరిలో మొదలైన ఆహార రేషన్ 1954 జూలై దాకా పూర్తిగా పోలేదు. మిఠాయిల మీద రేషన్ 1942లో పెట్టారు. 1949లో ఎత్తేస్తే జనం ఎగబడ్డారు. సరుకు చాలక కొన్ని నెలలకే మళ్ళీ పెట్టారు. 1953 ఫిబ్రవరికి గానీ అది పోలేదు. ఇప్పుడు పుస్తకాల తేదీలు చూడండి. ఎనిడ్ బ్లైటన్ రాసిన, నలుగురు పిల్లలు, ఒక కుక్క కలిసి చేసే సాహసాల వరసలో మొదటి పుస్తకం 1942లో వచ్చింది. సీ.ఎస్. లూయిస్ నార్నియా కథల్లో మొదట అచ్చయినది, మంత్రగత్తె ఎడ్మండ్ అనే పిల్లవాడికి టర్కిష్ డిలైట్ అనే మిఠాయి పెట్టి లొంగదీసుకునే కథ, 1950లో వచ్చింది. బుట్టల నిండా తిండి తీసుకుని విహారానికి వెళ్ళే పిల్లల గురించి, పెట్టె నిండా మిఠాయి ఒక్కడే తినేసిన ఎడ్మండ్ గురించి మొదట చదివిన పిల్లల ఇళ్ళలో రేషన్ పుస్తకాలున్నాయి. ఒక మిఠాయి కోసం సొంత అన్నను, అక్కను, చెల్లిని పట్టిస్తాడా అని ఇవాళ చదివేవారికి అనిపించవచ్చు. ఆ ఏళ్ళలో చదివిన పిల్లలకు ఎడ్మండ్ బలహీనత ఎంత దగ్గరగా తగిలి ఉంటుందో! ఆ మిఠాయికి మంత్రం పెట్టారని, తిన్నకొద్దీ ఇంకా కావాలనిపిస్తుందని కథలో ఉంది. రేషన్ రోజుల్లో అలా అనిపించడానికి మంత్రం ఎందుకు?

బ్రిటిష్ రచయిత రోల్డ్ డాల్ సంగతి వేరు. ఆయన రెప్టన్ అనే బడిలో చదువుతున్నప్పుడు కాడ్‌బరీ కంపెనీ అక్కడి పిల్లలకు కొత్తరకం చాక్లెట్లు పెట్టెల్లో పంపి, రుచి చూసి మార్కులు వేయమనేది. పెద్దయ్యాక తన బాల్యం గురించి రాసుకున్న పుస్తకంలో ఆయన ఇది చెప్పాడు. 1964లో వచ్చిన, చార్లీ అనే పేద పిల్లవాడి చాక్లెట్ ఫ్యాక్టరీ కథకు బీజం అదే. ఈ సంగతి చాలామందికి తెలుసు. మా కబుర్లలో తేలిన సంగతి మాత్రం నేను ఎక్కడా చదవలేదు. ఆ పుస్తకంలో నీకేం గుర్తుందని అందరినీ అడిగాం. దాదాపు అందరూ చాక్లెట్ నది అన్నారు. ఒక్కామె మాత్రం "క్యాబేజీ సూపు" అంది. చార్లీ ఇంట్లో రాత్రిపూట అదే. ఏడాదికి ఒక్క చాక్లెట్, అదీ పుట్టినరోజున. దాన్ని రోజుకు కొంచెం కొరుక్కుంటూ నెలపైన నడిపిస్తాడు. ఆమె ఇబ్బందులున్న ఇంట్లో పెరిగింది. ఆ నది తనకు పట్టలేదట. నీళ్ళ సూపు ముందు కూర్చున్న ముసలివాళ్ళు, తన వంతు తినమని అమ్మ ఇస్తే వద్దనే పిల్లవాడు, ఇవే తన పుస్తకం అంది. మేమందరం ఒకే కథ చదివామనుకున్నాం. ఆమె చదివిన కథ బరువైనది. తిండి ప్రస్తావన రాకపోతే ఇన్నేళ్ళ స్నేహంలోనూ ఈ మాట మాకు తెలిసేది కాదు.

తెలియని తిండి గురించి కూడా చెప్పాలి. పుస్తకంలోని వంటకాన్ని ఎన్నడూ చూడని పిల్ల దాన్ని తనే తయారు చేసుకుంటుంది. తనకు తెలిసిన రుచుల్లో అన్నిటికంటే గొప్పదాన్ని తీసుకుని, దానికి ఇంకాస్త కలిపి ఆ పేరు పెట్టుకుంటుంది. అందుకే పెద్దయ్యాక నిజంగా టర్కిష్ డిలైట్ తిన్నవాళ్ళు "ఇదేనా?" అని నిరాశపడతారు. మా వాళ్ళలో ఇద్దరు ముగ్గురు అలా పడ్డవారే. అది ఆ మిఠాయి లోపం కాదు. వాళ్ళు తొమ్మిదేళ్ళ వయసులో తయారు చేసుకున్నది అంత గొప్పగా ఉంది, అంతే. పాఠకులు రచయితతో కలిసి కథను తయారు చేస్తారని విమర్శకులు బరువైన మాటల్లో చెబుతుంటారు. ఇక్కడ అది కళ్ళెదుట కనిపిస్తోంది.

జ్ఞాపకం ఒక్కోసారి పుస్తకంలో లేనిది కూడా కలిపేస్తుంది. బ్లైటన్ పిల్లల గురించి మాట్లాడేటప్పుడు ఇంగ్లీషు పాఠకులు జింజర్ బీర్ అనే అల్లం పానీయం గురించి ఒక వాక్యాన్ని ఆ పుస్తకాల్లోదే అన్నట్టు ఉటంకిస్తారు. ఆ మాట ఆ పుస్తకాల్లోది కాదు. 1982లో బ్రిటిష్ టీవీలో వచ్చిన ఒక పేరడీ నుంచి పాకింది. ఆ పానీయం పుస్తకాల్లో ఉంది, ఆ వాక్యం లేదు. ఇలాంటివి ఉన్నాయి కాబట్టి స్నేహితుల కబుర్లను సాక్ష్యంగా తీసుకోలేం అనేవారుంటారు. నిజమే, పుస్తకంలో ఏముందో తేల్చుకోవడానికి పుస్తకమే తెరవాలి. చదివినవారికి ఏమైందో తెలుసుకోవాలంటే మాత్రం కబుర్లే దారి.

ఇంత మెచ్చుకున్నాక, ఇబ్బంది పెట్టే సంగతీ చెప్పాలి. పిల్లల పుస్తకాల్లో తిండి ఎప్పుడూ ప్రేమగా ఉండదు. చాక్లెట్ ఫ్యాక్టరీ కథలోనే ఆగస్టస్ గ్లూప్ అనే లావుపాటి పిల్లవాడున్నాడు. ఆబగా తాగబోయి చాక్లెట్ నదిలో పడతాడు, గొట్టంలోకి లాగబడతాడు, అతని మీద పాట కూడా పాడతారు. మేం నవ్వుకుంటూ ఈ సంగతి చెప్పుకుంటుంటే ఒక స్నేహితుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. బడిలో తనను ఆ పేరుతో పిలిచేవారట. పుస్తకం చదివి చాలా ఇష్టపడ్డాడు, ఆ ఇష్టంతోనే ఆ పేరునూ మోశాడు. మధ్యాహ్నం తిండి డబ్బా తెరవాలంటే వెనక్కి తిరిగి కూర్చునేవాడట.

ఆ పుస్తకం కొత్త ప్రచురణలో ఆ పిల్లవాడిని వర్ణించే మాటను మార్చిన సంగతి 2023లో బయటపడింది. లావు అనే అర్థమున్న మాట తీసేసి, భారీగా ఉన్నాడనే మాట పెట్టారు. దాని మీద పెద్ద గొడవే జరిగింది. నా అభిప్రాయం చెబుతాను. ఆ మార్పు వల్ల నా స్నేహితుడికి పెద్దగా ఒరిగేది ఉండదు. మాట మారినా కథలో శిక్ష మారలేదు. తినడం ఇష్టమైన పిల్లవాడు అందరి ముందూ నవ్వులపాలు కావడం అలాగే ఉంది. అలాగని మాట మార్చకూడదని పట్టుబట్టేవాళ్ళతోనూ నేను లేను, ఎందుకంటే వాళ్ళలో చాలామంది ఆ డబ్బా ముందు వెనక్కి తిరిగి కూర్చున్న పిల్లవాడి గురించి ఒక్క మాటా అనరు. నాకు కావలసింది మూడోది. ఆ పుస్తకం చదివించాక పిల్లలతో ఆ నది దగ్గర ఆగాలి. "ఆకలేసి తిన్నాడా, ఆశపడి తిన్నాడా? చార్లీకి అదే నది కనిపిస్తే ఏం చేసేవాడు? ఆ పాట నీ మీద పాడితే?" అని అడగాలి. పిల్లలు చాలా న్యాయంగా మాట్లాడతారు, మనం అడిగితే.

ఇదంతా పాత రోజుల మీద బెంగ, అంతకంటే ఏమీ లేదు అనే విమర్శకు నేను ఎక్కువ సమయం ఇవ్వను. బెంగ ఉంటే ఉంటుంది. చార్లీ సూపు గురించి మాట్లాడిన ఆమెకు ఆ రోజుల మీద బెంగ లేదు.

తిండి దగ్గర మొదలుపెడితే కథ లోపలికి ఎంత దూరం వెళ్ళవచ్చో చూపించే పుస్తకం మారిస్ సెండాక్ 1963లో తెచ్చిన రాక్షసుల బొమ్మల పుస్తకం. అల్లరి చేసిన మ్యాక్స్‌ను అమ్మ తిండి పెట్టకుండా గదికి పంపేస్తుంది. వాడు ఊహలో దూరదేశం వెళ్ళి, రాక్షసులకు రాజై, ఏలి, విసిగి తిరిగొస్తాడు. గదిలో భోజనం సిద్ధంగా ఉంటుంది, ఇంకా వేడిగానే ఉంటుంది. ఆ చివరి మాట ఉన్న పేజీలో బొమ్మ లేదు. మొత్తం పుస్తకంలో అమ్మ బొమ్మ ఎక్కడా లేదు. మా స్నేహితురాలు ఇది తన చిన్నకొడుకుకు చదివి వినిపిస్తే, వాడు రాక్షసుల గురించి ఏమీ అడగలేదట. "అన్నం ఎవరు పెట్టారు?" అన్నాడట. "అమ్మే" అని చెప్తే, "కోపం పోయిందా మరి? పోకముందే పెట్టిందా?" అన్నాడట. నేనైతే ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేను. కోపం పోయాక పెట్టిన తిండికీ, కోపంగా ఉంటూనే పెట్టిన తిండికీ తేడా ఉందని వాడికి అప్పుడే తెలుసు.

చిన్నప్పుడు తను చదివిన బడి గురించి టెట్సుకో కురొయనాగి రాసిన, తెలుగులో 'రైలుబడి'గా మనకు తెలిసిన పుస్తకం సంగతి కూడా ఇలాంటిదే. 1981లో జపాన్‌లో వచ్చిన ఈ పుస్తకం చదివినవాళ్ళను కదిలిస్తే రైలుపెట్టెల్లో తరగతులతో పాటు మధ్యాహ్నం భోజనం తప్పకుండా గుర్తుచేస్తారు. పిల్లల డబ్బాల్లో కొండ నుంచి కొంత, సముద్రం నుంచి కొంత ఉండాలని హెడ్‌మాస్టరు కొబయాషి చెబుతాడు. ఎవరి డబ్బాలో ఏది తక్కువైతే ఆయన భార్య తన గిన్నెలోంచి అది వడ్డిస్తుంది. ఆ నియమం ఎంత తెలివైనదో పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. ఖరీదైనది తెమ్మనలేదు, ఇంత తెమ్మనలేదు. పేద ఇంటి పిల్ల డబ్బా, కలిగిన ఇంటి పిల్ల డబ్బా ఒకే ప్రశ్నకు జవాబులయ్యాయి. నా స్నేహితుడి బడిలో అలాంటి ఒక్క నియమం ఉండి ఉంటే అతను గోడవైపు తిరిగి తినేవాడు కాదు. కొబయాషి బడి 1945లో బాంబు దాడుల్లో తగలబడిపోయింది.

మేం ఇంకా తేల్చుకోనిది ఒకటుంది. అమెరికా రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్ 1933లో తన భర్త ఆల్మాంజో బాల్యం మీద రాసిన పుస్తకంలో పేజీల కొద్దీ తిండి ఉంటుంది. 1940లో వచ్చిన ఇంకో పుస్తకంలో 1880-81 నాటి భయంకరమైన చలికాలం ఉంటుంది. మంచుకు రైళ్ళు ఆగిపోతాయి. లారా కుటుంబం గోధుమల్ని కాఫీగింజల మరలో పట్టుకుని ఆ రొట్టెతోనే రోజులు గడుపుతుంది. అదే ఊళ్ళో ఆల్మాంజో తన విత్తనపు గోధుమల్ని ఎవరికీ కనబడకుండా గోడ వెనక దాస్తాడు. అన్నతో కలిసి వేడి వేడి అట్లు పోసుకుని తింటుంటాడు. ఒకరోజు లారా నాన్న వచ్చి, గోడకున్న బిరడా తీసి, బకెట్ నింపుకుంటాడు. దాచడం తప్పని మాలో సగం మంది. ఊరు పస్తులుంటే విత్తనం ఎందుకంటారు. విత్తనం తినేస్తే వచ్చే ఏడు ఊరంతా ఏం తింటుందని మిగతా సగం. చివరికి ఊరి కోసం మంచులో ప్రాణాలకు తెగించి వేరేచోటి నుంచి గోధుమలు తెచ్చిన ఇద్దరిలో ఒకడు ఆల్మాంజోయే కదా అని వీళ్ళ వాదన. విత్తనం కాపాడుకోవడానికే వెళ్ళాడని వాళ్ళ జవాబు. పుస్తకం మళ్ళీ తిరగేసి వస్తామని ఇద్దరు ఫోన్ పెట్టేశారు.